కొంగు కోసిన కత్తి

తప్పులుంటే మన్నించండి, నేను చదివింది ఐదో తరగతి దాకానే.

ఈ రోజు మైపాడు రోడ్డులో మా ఆయన సైకిల్ వెనక కూర్చుని వస్తుంటే, నా కొంగు చక్రంలో చుట్టుకుని మెడకు బిగిసింది. ఆయన ఒక చేత్తో సైకిల్ ఆపి పట్టుకున్నారు. రెండో చేత్తో జేబులోంచి మడత కత్తి తీశారు గానీ, ఒంటిచేత్తో తెరవలేకపోయారు. ఎదురొచ్చిన చేపలమ్మే అక్క, తలమీది గంప దించకుండానే నడుములోంచి చిన్న కత్తి లాగి, నా మెడకు గీత పడకుండా కొంగు కోసేసింది.

"మడత విప్పేలోపల పెండ్లాం పోతాది నాయనా. ఒంటిచేత్తో వచ్చేది పెట్టుకో," అనింది.

గంప కదలనే లేదు. నేను ఆమె చేతినే చూస్తూ ఉండిపోయాను.

సాయంత్రం కత్తులమ్మే కొట్లో ఆయన మళ్లీ మడత కత్తులే చూస్తుంటే, నలుగురిలో నోరు విప్పని నేను ఒరలో ఉన్న చిన్న కత్తి అందించి, "కళ్లు మూసుకుని ఒక చేత్తో తీయండి," అన్నాను. తీశారు. అదే కొన్నాం.

ఈ గ్రూపులో ఉన్నోళ్లు, మీ సైకిల్ మీద పోయేటప్పుడు ఏ కత్తి పెట్టుకుంటారో చెప్పండి. ఇది మాత్రం చదివి చెరిపేయండి. కొంగు సంగతి మా అత్తకు ఇంకా తెలియదు.