దుప్పటి కింద ఆరని మంట

మా ఆయన రాజేశం ప్యాంటు తొడ దగ్గర అట్టలా బిరుసెక్కి ఉండటం ఆ మధ్యాహ్నమే నా కంటపడింది. చెమట ఆరిన ఉప్పు మరక అనుకున్నాను. హైదరాబాదు అవతల రాకెట్లకు మందు తయారుచేసే కంపెనీలో ఆయన పని. పెర్క్లోరేట్ అనే తెల్లటి పొడి నూరే సెక్షన్. డ్యూటీ దిగాక స్నానం చేసి, బట్టలు మార్చుకునే బయటికి రావాలి. అది తెలంగాణ ఉద్యమం జోరుమీదున్న కాలం. బంద్ వల్ల బస్సుల్లేవు. మా ఊరు కోరుట్ల వైపు వచ్చే లారీ దొరకగానే అవే బట్టలతో ఎక్కి వచ్చేశాడు.

అరుగు మీద కూర్చుని బీడీ ముట్టించాడు. నిప్పురవ్వ ఒకటి తొడ మీద పడింది. మామూలుగా అయితే గుడ్డకు చిన్న చిల్లు పడేది. బుస్సుమని తెల్లటి మంట లేచింది. దుప్పటి తెచ్చి కప్పి, రెండు చేతులతో అదిమాను. గాలి తగలకపోతే మంట చావాలి కదా. చావలేదు. నా అరచేతుల కింద, దుప్పటి లోపల, ప్రాణమున్నదానిలా బుసలు కొడుతూనే ఉంది. అత్తమ్మ గోలెంలోని నీళ్లు ముంచి ముంచి గుమ్మరించాకే ఆగింది. ఆయన తొడ వంకే చూస్తూ ఉండిపోయాడు.

జగిత్యాలలో ఆయన తొడకూ, కాలిన నా అరచేతులకూ కట్లు కట్టి కరీంనగర్ పంపారు. దారిలో ఉద్యమ నిరసనగా రోడ్డు మీద వంటావార్పు చేస్తున్నవాళ్లు అంబులెన్సు చూసి పొయ్యిరాళ్లు పక్కకు జరిపారు. డాక్టరు మొదట అడిగిన మాట, "ఏం పోసుకున్నడమ్మా, పెట్రోలా?" నేను పొడి సంగతి చెప్పాను. డాక్టరు కంపెనీవాళ్లతో ఫోన్‌లో మాట్లాడి వచ్చాడు.

"ఆ పొడిలనే ఆక్సిజన్ ఉంటదట. దుప్పటి కప్పితే ఆగది. డీప్ బర్న్స్ అమ్మా, స్కిన్ గ్రాఫ్టింగ్ చెయ్యాలె."

మొదటి గ్రాఫ్ట్, అంటే అతికించిన చర్మం, పట్టలేదు. ఇన్ఫెక్షన్, విపరీతమైన జ్వరం. ఆ జ్వరంలో ఉండగా కిటికీ కింద నినాదాలు మొదలయ్యాయి. రాజేశం అమర్ రహే అంటున్నారు. తెలంగాణ కోసం ఒళ్లు కాల్చుకుని చనిపోయాడని ఊళ్లో ఎవరో పుట్టించారు. ఆయన కళ్లు తెరిచాడు.

"సుగుణా, నేను సచ్చిపోయిన్నా?"

లేదన్నాను. నమ్మలేదు. నా చెయ్యి తన గుండె మీద పెట్టుకుని, కొట్టుకుంటుందో లేదో చూడమన్నాడు. కట్టు కట్టిన నా అరచేతికి ఏమీ తెలియలేదు. ఒక్క క్షణం నాకూ భయం వేసింది. వంగి చెవి ఆనించాను. కొట్టుకుంటోంది.

కిందికి దిగాను. నినాదాలిస్తున్న జనం దండలు పట్టుకుని నిలబడ్డారు.

"మా ఆయన బతికే ఉన్నడు," అన్నాను. "అగ్గి ఆయన పెట్టుకున్నది కాదు, డ్యూటీ బట్టలకు అంటుకున్నది. మల్ల ఆపరేషన్ ఉన్నది, రక్తం గావాలె."

కొందరు దండలు గేటుకు తగిలించి నా వెంట బ్లడ్ బ్యాంకుకు వచ్చారు.

రెండో గ్రాఫ్ట్ పట్టింది. ఫిజియోథెరపీతో మోకాలు మెల్లగా వంగింది. ఇప్పుడు సిరిసిల్లలో ఉంటున్నాం, ఆయన చీరలు మడతపెట్టే పనికి పోతున్నాడు. ఒక్కోసారి అన్నం తింటూ తింటూ ఆగి, నన్ను తన పేరు పెట్టి పిలవమంటాడు. పిలుస్తాను. పలికి, మళ్లీ తింటాడు.

మీ ఇంట్లో ఎవరైనా అలాంటి పొడితో పనిచేస్తుంటే ఆ బట్టలు ఇంటికి రానివ్వకండి. ఒకవేళ అంటుకుంటే దుప్పటి కోసం వెతకకండి. నీళ్లు పోయండి, మంట ఆరిందనిపించినా ఇంకా పోయండి.