హాకీ సార్ పూర్తి చేయని మాట

పొద్దున టిఫిన్ డబ్బాలు సర్దుతుంటే ఫోన్ మోగింది. హాకీ సార్ కోడలు. "అక్కా, మామయ్య పోయిన్రు" అని ఒక్క మాట చెప్పి, ఇంకేదో అనబోయి ఏడ్చేసింది. మా అమ్మాయి హారిక వంటింటి గుమ్మంలో నిలబడి నా ముఖమే చూస్తోంది. నేను చెప్పాల్సిన పని పడలేదు. వెళ్లి ఆట బూట్లు వేసుకుంది, విప్పేసింది, చివరికి చెప్పులు వేసుకుని ముందు నడిచింది.

మీలో చిక్కడపల్లి నుంచి నారాయణగూడ వైపు పొద్దున్నే నడిచేవాళ్లు ఆయన్ని చూసే ఉంటారు. తెల్ల టోపీ, భుజాన గుడ్డసంచీ, అందులోంచి బయటికొచ్చిన రెండు కర్రలు. యువకుడిగా ఉన్నప్పుడు డిఫెండర్‌గా ఆడి, ఆ ఆటతోనే ఆఫీసులో ఉద్యోగం తెచ్చుకుని రిటైరయ్యారు. తర్వాత ఒక బడి మైదానంలో ఆడపిల్లలకు హాకీ నేర్పారు. అది మట్టి నేల. పిల్లలు రాకముందే వెళ్లి, వంగి వంగి రాళ్లు ఏరి ప్యాంటు జేబుల్లో వేసుకునేవారు. జేబులు చిరిగి ఇంట్లో వాళ్లావిడ కేకలేస్తే, "పొల్లల మోకాళ్లు చిరిగేదానికంటె జేబులు చిరుగుడు మంచిది గాదె" అనేవారు. ఎవరినీ కసిరేవారు కాదు. ఎంత కోపమొచ్చినా "బేటా, ఇంకోసారి చెయ్" అనే అనేవారు, కాకపోతే గొంతు ఇంకా తగ్గేది.

మేముండేది అశోక్‌నగర్‌లో. చుట్టూ ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లలే. మెట్ల మీద ఎదురైన ప్రతివాళ్లూ "హాకీల ఏమన్న నౌకరొస్తదా?" అని అడిగేవాళ్లు. ఆ ప్రశ్న మోసుకుని ఒకరోజు నేనే మైదానానికి వెళ్లాను. హారిక అప్పుడు ఇంటర్ రెండో ఏడు.

"సార్, మావాళ్లంత అడుగుతున్నరు. పిల్ల పైకొస్తదా, రాదా? ఉన్నది ఉన్నట్టు చెప్పుండ్రి."

ఆయన హారిక ఆడుతున్న వైపు చూస్తూ, సోంపు నోట్లో వేసుకున్నారు.

"ఎదుటోళ్లు బంతి ఎటు పంపిస్తరో దీనికి ముందుగాల్నే తెలుస్తది. అది నేర్పితె వచ్చేది కాదమ్మా. ఎడమ పక్కకు తిరిగేటప్పుడు జర ఆలస్యమైతది. అది బాగైతది. కని పెనాల్టీ కార్నర్ కొట్టుడు రాదు. అది రాకపోతే లీగు వేలంల డిఫెండర్‌ను ఎవరడుగుతరు?"

పెనాల్టీ కార్నర్ అంటే గోల్ ముందు దొరికే మంచి అవకాశం. కర్రతో బంతిని ఈడ్చి విసిరి కొట్టగలిగిన డిఫెండర్ గోల్స్ కూడా చేస్తుంది, అందుకే జట్లు ఆటగాళ్లను వేలంలో కొనుక్కునే హాకీ లీగులో ఆమెకు గిరాకీ.

"అయితే అది నేర్పుండ్రి సార్."

"నేర్పుత. తొందరేం లేదు. భారమంత నడుము మీద పడతది. ఇప్పుడే దినాం కొట్టిపిస్తె, నడుము ఖరాబైతె జిమ్మెదారి ఎవరిది? రెండేండ్లు ఆగుండ్రి. ఇయ్యాల్నే చెప్తె అబద్ధం చెప్పినట్టైతది."

నాకు కావలసిన జవాబు అది కాదు. అయినా ఇంటికొచ్చే దారిలో ఎందుకో మనసు తేలికైంది. అవునో కాదో అనకుండా, పిల్లను అంత వివరంగా చూసిన మనిషి ఒకరున్నారు అనిపించింది.

మా తమ్ముడికి ఫోన్‌లో ఫ్యాంటసీ ఆటల పిచ్చి. లీగులో ఆడేవాళ్లలోంచి మన జట్టు మనం ఎంచుకుంటే, వాళ్ల ఆటను బట్టి మనకు పాయింట్లు వస్తాయి. పందెం ఏమీ లేదు, ఉత్త సరదా. ఒక ఆదివారం సార్ మా ఇంటికి చాయ్‌కి వస్తే వాడు ఆ ఫోన్ చూపించాడు.

"దీంట్ల డిఫెండర్లను తీసుకునుడు దండగ సార్. గోల్ కొట్టినోళ్లకే పాయింట్లు."

"బంతి గుంజుకుంటె?"

"జరన్ని ఇస్తరు."

"అసలు బంతి అటు దిక్కు రాకుంట చేస్తె?"

తమ్ముడు తల గోక్కున్నాడు. "అది కనవడది గద సార్."

"గదే మరి, కనవడది" అని సార్ పకపకా నవ్వారు. ఆ తర్వాత తనకూ ఒక జట్టు కట్టమన్నారు. నిబంధనలు ఎంతమందిని ఒప్పుకుంటే అంతమంది డిఫెండర్లనే పెట్టించారు. ప్రతి వారం అందరికంటే అడుగున ఉండేవారు. అయినా తమ్ముడు కనిపించగానే "మనోళ్లు ఎక్కడున్నరు?" అని అడిగి, "ఆడ్నే ఉన్నరు సార్, అడుగున" అని వాడు చెబితే సంతోషపడేవారు.

పరీక్షలయ్యాక వేరే రాష్ట్రంలోని ఒక శిక్షణ కేంద్రం నుంచి హారికకు పిలుపొచ్చింది. హాస్టల్, మంచి మైదానం, అన్నీ ఉన్నాయి. కానీ ఆమెను పెనాల్టీ కార్నర్లు కొట్టే డిఫెండర్‌గానే తయారుచేస్తామన్నారు. వెళితే ఇక్కడి చదువు వదులుకోవాలి. లీగు వేలానికి కూడా వాళ్లే ఆమె పేరు పంపారు. మాకెవరికీ ఏమీ పాలుపోలేదు. ఆదివారం సార్ దగ్గరికి వెళ్లి, ఆయనేమంటే అది చేద్దామనుకున్నాం. శుక్రవారం ఆయన ఇంట్లో పడిపోయారు. పక్షవాతం. కుడిచెయ్యి, మాట రెండూ పోయాయి.

ఆసుపత్రిలో హారిక మంచం పక్కన కూర్చుని, ఆయన ఎడమచెయ్యి పట్టుకుని అడిగింది. "సార్, పోవాల్నా, వద్దా?"

ఆయన పెదవులు చాలాసేపు కదిలాయి. మెడ నరాలు ఉబ్బాయి. చివరికి "పో..." అన్నారు. అక్కడితో ఊపిరి అందలేదు.

"పొమ్మంటున్నరు బిడ్డా" అంది వాళ్లావిడ.

"కాదమ్మా, పోవద్దు అనవోతున్నరు. చూడు, ఇంకా అంటనే ఉన్నరు" అన్నాడు కొడుకు.

మళ్లీ అడిగాం. మళ్లీ "పో..." అన్నారు. తల ఊపమంటే, ఆ తల ఊపు అవునో కాదో తెలియకుండా ఉంది. తన మాట మాకు అర్థం కాలేదని మాత్రం ఆయనకు అర్థమైంది. కళ్లలోంచి నీళ్లు కారి చెవుల్లోకి పోతుంటే, హారిక చున్నీతో తుడుస్తూ "పర్వాలేదు సార్, పర్వాలేదు" అంటూనే ఉంది. అంతమంది పెద్దవాళ్లం ఆ గదిలో ఊరికే నిలబడ్డాం.

సార్‌ను ఇంటికి తీసుకొచ్చాక, వేలం రోజున హారిక ఆయన పక్కనే కూర్చుని ఫోన్‌లో ఆ ప్రసారం పెట్టింది. ఆమె పేరు చివర్లో వచ్చింది. ఎవరూ చెయ్యెత్తలేదు. పేర్లు చదివే ఆవిడ ఇంకో పేరుకు వెళ్లిపోయింది. సార్ ఎడమచేత్తో ఫోన్ అందుకుని, తెర కిందికి వచ్చేలా పరుపు మీద బోర్లించారు. దాని మీద చెయ్యి అట్లాగే పెట్టి ఉంచారు.

శిక్షణ కేంద్రం వాళ్లను ఇంకొంచెం గడువు అడిగాం. కొన్నాళ్లు ఆగారు, తర్వాత ఆ చోటు ఇంకో అమ్మాయికి ఇచ్చేశారు. హారిక నారాయణగూడలోనే కాలేజీలో చేరింది. ఆ సంగతి చెప్పినప్పుడు సార్ కళ్లు మూసుకున్నారు. అది నిశ్చింతో, బాధో ఇవాళ్టికీ నాకు తెలియదు. మేం తీసుకున్నది నిర్ణయం కూడా కాదు, తీసుకోలేకపోవడం. అది తప్పో ఒప్పో చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషికి మాట లేదు. ఇప్పుడు మనిషే లేరు.

సార్ వాళ్ల గల్లీ ఇరుకు, ఆయన్ని తీసుకెళ్లే వాహనం లోపలికి రాలేదు. మెయిన్ రోడ్డు దాకా మోసుకెళ్లారు. ఆయన దగ్గర ఆడిన పిల్లలంతా వెంట వచ్చి రోడ్డు దగ్గర ఆగిపోయారు. వాహనం కదిలి, కాస్త దూరం పోగానే ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. పిల్లలు ఒక్కొక్కరే వెనక్కి తిరిగారు. హారిక రోడ్డు అంచునే నిలబడి ఉంది. ఆటో అతను హారన్ కొడుతుంటే "దా బిడ్డా" అని చెయ్యి పట్టి లాగాను. కదల్లేదు. మోకాళ్లు కొంచెం వంగి ఉన్నాయి. ఖాళీ చేతులు రెండూ కర్ర పట్టుకున్నట్టు ముందుకు వచ్చి ఉన్నాయి. సిగ్నల్ పడితే ఆ వాహనం ఎటు తిరుగుతుందా అని, రెప్ప వేయకుండా చూస్తోంది.