తడిబట్టల విచారణ

మునిలక్ష్మి గారు తిరుపతిలోని ఒక విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం ప్రొఫెసర్. అక్కడి అంతర్గత ఫిర్యాదుల కమిటీకి అధ్యక్షురాలు కూడా. ఈ రెండో పదవి ఆమె కోరుకున్నది కాదు. లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే కమిటీకి సీనియర్ మహిళా ఉద్యోగి అధ్యక్షత వహించాలని చట్టం చెబుతుంది. ఆమెకంటే సీనియర్లు రిటైరైపోయారు. అంతే.

ఆమె హయాంలో కమిటీ చక్కగా నడిచింది. అంటే, ఫిర్యాదులు రాలేదు. ఫిర్యాదుల్లేని క్యాంపస్ భద్రమైన క్యాంపస్ అని అక్కడివాళ్ళ నమ్మకం. తలుపు తాళం వేసిన ఆసుపత్రికి రోగులు రాకపోతే ఊరంతా ఆరోగ్యంగా ఉన్నట్టే కదా. మహిళా దినోత్సవానికి వేధింపుల నివారణ మీద ముగ్గుల పోటీ పెట్టారు. చుక్కల నడుమ "నో" అని ఇంగ్లీషులో రాసి చుట్టూ తామరపూలు వేసిన అమ్మాయికి మొదటి బహుమతి వచ్చింది. న్యాయనిర్ణేత రసాయనశాస్త్రం ప్రొఫెసర్ ధర్మేంద్ర.

తర్వాత కొన్నాళ్ళకు ఆ ధర్మేంద్ర మీదే ఫిర్యాదు వచ్చింది. ఇచ్చింది హేమశ్రీ. అతని దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి, చిత్తూరు దగ్గర మామిడి రైతు కూతురు. ఫోనుకు వచ్చిన మెసేజ్‌లన్నీ ప్రింటు తీసి తెచ్చింది. తిరుచానూరు లాడ్జిలో గది తీసుకున్నాను, థీసిస్ అక్కడ దిద్దుకుందాం రమ్మని ఒకటి. రాకపోతే సంతకం సంగతి మరిచిపొమ్మని ఇంకొకటి. మధ్యలో గులాబీ బొమ్మలు.

మునిలక్ష్మి గారు అన్నీ చదివి కళ్ళజోడు తీశారు.

"థీసిస్ ఇచ్చేసినాక పెట్టుండచ్చు కదమ్మా ఇది?"

"థీసిస్ కదిలేదానికి ఆయన సంతకం కావాల మేడం. ఆ సంతకానికే కదా లాడ్జికి రమ్మంటా ఉండాడు?"

ఈ తర్కంలో ఆమెకు లోపం కనిపించలేదు. ఫిర్యాదు తీసుకున్నారు. హేమశ్రీ అడిగింది ఒక్కటే. గైడును మార్చాలి, ఇన్నేళ్ళ పని గంగలో కలవకూడదు. ఫెలోషిప్ మార్చితో ఆగిపోతుంది కాబట్టి ఆలోగా.

రిజిస్ట్రార్ మునిచంద్ర ఆ సాయంత్రమే ఆమె గదికి వచ్చాడు.

"అక్కా, ఎంక్వైరీ అంటే పేపరోళ్ళు దిగుతారు. మన తట్టు ఒక పద్ధతి ఉండాది కదా. కాణిపాకం యాడుండాదని? కారెక్కితే గంటన్నర. ప్రమాణం చేయమందాం. చేస్తే సరిపాయ, చేయకుంటే దొరికిపాయ."

కాణిపాకం వినాయకుడి ముందు తడిబట్టలతో నిలబడి అబద్ధమాడినవాడు బాగుపడడని ఆ తట్టు నమ్మిక. చీటీల గొడవలూ గట్టు తగాదాలూ అక్కడ తేలుతుంటాయి, చాలాసార్లు కోర్టుకంటే ముందు. మునిలక్ష్మి గారికి స్వానుభవం ఉంది. అమ్మ గొలుసు పోయినప్పుడు సొంత తమ్ముడు మునిప్రసాద్‌ను అక్కడికి తీసుకెళ్తే, చొక్కా కూడా విప్పకముందే "గొలుసు నా కాడే ఉండాది లేక్కా, ఇంటికి పోదాం పా" అన్నాడు. డాక్టరేటు ఉన్నంత మాత్రాన ఇలాంటి రుజువును కొట్టిపారేయడం కష్టం. ఆమె సరేనన్నారు.

కమిటీలో విద్యార్థి సభ్యురాలు నవీన. లా చదువుతోంది.

"రూల్సులో కాణిపాకం యాడుండాది సార్?" అంది.

"రూల్సు ఢిల్లీలో రాసినారమ్మా. వాళ్ళకేం తెలుసు కాణిపాకం?" అన్నాడు మునిచంద్ర.

హేమశ్రీ మాత్రం రానంది. "ఆయన చేసిన పనికి నన్ను తడుపుతామంటారేంది మేడం?"

యూనివర్సిటీ కారులోనే వెళ్ళారు. ధర్మేంద్ర ముందు సీట్లో కూర్చుని దారి పొడుగునా తోతాపురి మామిడి ధర గురించి మాట్లాడాడు. కాణిపాకంలో స్నానం చేసి, తడిపంచెతో నిలబడి, "ఆ అమ్మాయికి నేను ఒక్క తప్పుడు మాట కూడా పంపలేదు స్వామీ" అన్నాడు. వెనక బెంచీకి కూడా వినపడేంత స్పష్టంగా అన్నాడు. తర్వాత పొడిబట్టలు కట్టుకుని, "చిత్తూరులో మంచి మెస్సు యాడన్నా ఉండాదా మేడం?" అని అడిగాడు. భోజనంలో పెరుగు రెండోసారి వేయించుకున్నాడు.

మునిలక్ష్మి గారు ఎదురుచూశారు. సాక్షిగా తానూ కోనేట్లో మునిగినందుకు ఆమెకు జలుబు చేసింది. అతనికి ఏమీ కాలేదు. పైగా ఒక జాతీయ సదస్సుకు కన్వీనరయ్యాడు. ఫైలు మూసేయమని మునిచంద్ర రోజూ గుర్తుచేస్తున్నాడు. ఇంతలో హేమశ్రీ వచ్చింది.

"దేనికి కాచుకోనుండారు మేడం?"

"స్వామి ఊరికే ఇడిసిపెట్టడమ్మా. టైం పడతాది."

"పట్టనీండి. ఆయనకేం తొందర? నాకు మార్చి వచ్చేస్తా ఉండాది." బల్ల మీది కాగితాలు చూపించి అంది: "మీరు మెసేజ్‌లు చదివినారు కదా మేడం. చదివినాక ఇంక ప్రమాణం ఎవురికోసరం?"

మునిలక్ష్మి గారు ఆ ప్రింట్లు మళ్ళీ ముందుకు లాక్కున్నారు. గొలుసు ఎక్కడుందో అప్పట్లో ఎవరికీ తెలియదు. ఈ మెసేజ్‌లు ఆమె బల్ల మీదే ఉన్నాయి. కాణిపాకం వెళ్ళింది నిజం తేల్చడానికి కాదు, తేల్చే పని తన నెత్తిన పడకుండా ఉండటానికి.

ఆ వారమే కమిటీ తలుపులు మూసుకుని కూర్చుంది. ధర్మేంద్రను పిలిచారు. మునిలక్ష్మి గారు కాగితాలు అతని ముందుకు జరిపారు.

"ఈ నంబరు మీదేనా సార్?"

"నాదే."

"అయితే పైకి చదవండి."

"నేను స్వామి ముందర ప్రమాణం చేసినాను గదా మేడం!"

"ఆయనకు చెప్పింది ఆయన సూసుకుంటాడు. ఇది మాకు చదవండి."

మొదటిది శుభోదయం. బాగా చదివాడు. రెండోది హేమశ్రీ కట్టుకొచ్చిన చీర గురించి. గొంతు తగ్గింది. మూడోది లాడ్జి. సగంలో ఆగి నీళ్ళు తాగాడు. మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ ఆగాడు.

"ఇంకా శానా ఉండాయి సార్," అంది నవీన.

"ఏదో సరదాకి పంపినాను మేడం," అన్నాడు ధర్మేంద్ర, కాగితం బోర్లా పెట్టి.

"సరదాకి పంపినాను. ఆ మాట అట్లే రాసుకో నవీనా," అన్నారు మునిలక్ష్మి గారు.

నివేదిక పొట్టిగా ఉంది. గైడును మార్చాలి, ఇంతవరకు చేసిన పని అంతా ఆ అమ్మాయిదే. ధర్మేంద్రకు ఇక పరిశోధక విద్యార్థులు వద్దు, క్రమశిక్షణ చర్య తీసుకోవాలి. అది చూసి మునిచంద్ర నొచ్చుకున్నాడు.

"నాకొక మాట ముందుగా చెప్పుంటే బాగుండేది కదక్కా."

"ఇప్పుడు చెప్తా ఉండాను కదబ్బా. సంతకం పెట్టు."

పెట్టాడు, రెండు రోజులు ఆలస్యంగా. ధర్మేంద్ర హైకోర్టుకు వెళ్ళాడు. కేసు నడుస్తోంది. ఆరోగ్యం భేషుగ్గా ఉంది.

హేమశ్రీకి వచ్చిన కొత్త గైడు చిరాకు మనిషి. రెండో అధ్యాయం చెత్తగా ఉందని, మొదటినుంచీ రాయమని కాగితాలు తిప్పి ఇచ్చాడు. ఆమె హాస్టల్‌కు వచ్చి ఆయన్ను నోరారా తిట్టుకుని రాయడానికి కూర్చుంది. గంటసేపు తన గదిలో కూర్చోబెట్టుకుని ఆయన మాట్లాడింది అధ్యాయం గురించే, ఇంకో మాట లేదు.