స్టేడియంలో మా సంగిడి రాయి

నేను లెంక అప్పలనరసమ్మను. వయసు డెబ్బై ఆరు. గజపతినగరం దగ్గర మా పుట్టింటి ఊళ్లో ఉంటాను. ఇంట్లో నేను, ఒక మేక, అంతే. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మా వీధి అంగన్‌వాడీ టీచరు తులసి తన బ్లాగులో రాస్తోంది. ఒక్క మాట కూడా మెత్తబరచవద్దని ముందే చెప్పాను.

విజయనగరం పొలిమేరలో కట్టిన కొత్త ఫుట్‌బాల్ స్టేడియం చూడటానికి చాలామంది వెళుతున్నారట. నేను వెళ్లింది ఆటకు కాదు. అక్కడ ముందు మా అత్తవారి ఊరు గరువుపేట మైదానం ఉండేది. పంట ఇళ్లకు చేరాక మగవాళ్లు అక్కడే సంగిడి రాయి ఎత్తి బలం చూపేవారు. మా ఇంటాయన సత్యం దాన్ని భుజం దాటించేవాడు. ఒకసారి ఆయన చేయి జారి కిందపడి రాయి అంచు ఊడింది. ఆడవాళ్లు దాన్ని ముట్టకూడదని ఊరి కట్టుబాటు, కనుక దూరం నుంచే చూసేదాన్ని. తరువాత స్టేడియానికి ఊరూ మైదానమూ తీసుకున్నారు. ఊరివాళ్లు తలో దిక్కు వెళ్లారు. మా ఇంటాయనా కాలం చేశాడు. రాయి ఏమైందో చెప్పే మనిషి లేడు. దొరికితే తెచ్చి నా వాకిట్లో పెట్టుకోవాలని బయలుదేరాను.

ఉదయం ఏడింటికి పల్లెవెలుగు ఎక్కితే గంటలో విజయనగరం. ఆధార్ కార్డు చూపితే ఆడవాళ్లకు టికెట్టు అక్కరలేదు. ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర షేర్ ఆటోకి ఇరవై రూపాయలు.

"మామ్మా, బంతాటకి ఒక్కర్తివే ఎల్తన్నావేటి? తోడెవులూ లేరా?" అని ఆటోవాడు నవ్వాడు.

"నోర్మూసుకుని బండి తోలు. తోడుంటే నీతో మాటలెందుకురా నాకు?" అన్నాను. దిగేదాకా అతను మళ్లీ నోరు విప్పలేదు. అదీ బాగోలేదు నాకు.

ఆ రోజు ఆట లేదు. వాచ్‌మన్ అప్పన్న యాభై దాటినవాడు, నన్ను లోపలంతా తిప్పాడు.

"పడమటేపు కప్పు సూడు మామ్మా, మజ్జిలో ఒక్క స్తంభం నేదు. బరువంతా ఎనక గోడే మోస్తాది. గోలు స్తంభాలు ఉత్తరం, దక్షిణం పెట్టారు, సాయంత్రం పొద్దు గోల్‌కీపర్ కళ్లల్లో పడకుండా. గడ్డి కింద ఇసక, గులకరాళ్లు. ఎంత వోన కురిసినా ఇంకిపోతాది."

దక్షిణం వైపు గ్యాలరీ కట్టలేదు, గాలి కోసం వదిలేశారట. ఆ గాలి నాకు తెలుసు. ఒకప్పుడు దానికే మేం చోళ్లు, అంటే రాగులు, తూర్పారబట్టేవాళ్లం. గేటు దగ్గర స్టేడియం చరిత్ర బోర్డు ఉంటే అప్పన్నను చదవమన్నాను. ఇది ముందు బీడు భూమి అని ఉంది.

"బీడా? ఎవుడ్రా రాసినోడు? నా కాళ్లు అరిగిన నేలరా ఇది!"

"నన్నంటావేటి మామ్మా? నాను వాచ్‌మన్‌ని."

పక్కనే పిల్లలు ఆట నేర్చుకునే స్థలం. అక్కడ కదిలే ఇనుప గోలు ఉంది. దాని వెనక కమ్మీ మీద బరువుగా గుండ్రటి రాయి. అంచు ఊడి ఉంది.

"ఒరే అప్పన్నా, అది మా రాయే! తియ్యి, అట్టుకుపోతాను."

"తీస్తే గోలు పడిపోతాది మామ్మా. గాలి సూసేవు కదా."

"తియ్యమంటే తియ్యవేటి?"

గొణుక్కుంటూ పక్కకు దొర్లించాడు. వెంటనే దక్షిణపు గాలి కొట్టింది. గోలు వెనక కాళ్లు పైకి లేచాయి. అప్పన్న కమ్మీ పట్టుకుని వేలాడి నేలకు దించాడు. "రాయి మామ్మా, రాయి! బేగి!"

ఇంకెవరూ లేరు. రెండు చేతులతో రాయిని దొర్లించి కమ్మీ మీదకు నెట్టాను. గోలు కుదురుకున్నాకే నా చేతులు ఎక్కడున్నాయో చూసుకున్నాను. ఎండకు కాగి రాయి వెచ్చగా ఉంది. చాలాసేపు చేతులు తీయలేదు నేను.

తరువాత పడమటి గ్యాలరీలో కూర్చున్నాను. అన్ని వేల కుర్చీల్లో ఒక్కదాన్నే. పక్క కుర్చీలో నా చేతిసంచి పెట్టుకున్నాను.

నా దావా ఇది. గోలుకు నేలలో మేకులు దిగేదాకా రాయి అక్కడే ఉండాలి. పిల్లల నెత్తిన ఇనుము పడితే నా వాకిట్లో రాయి ఉండి ఏం లాభం? మేకులు దిగిన రోజు స్టేడియం వాళ్లు నాకు కబురు పెట్టాలి. బోర్డు మీద బీడు అన్న మాట చెరిపి గరువుపేట అని రాయాలి.

మీరు వెళితే మధ్యాహ్నం దాటాక పడమటి గ్యాలరీలో కూర్చోండి, నీడ ఉంటుంది. గోలు వెనక అంచు ఊడిన రాయి కనబడితే దాని మీద మాత్రం కూర్చోకండి. ముట్టుకోవచ్చు. ఆడవాళ్లైనా సరే.

లెంక అప్పలనరసమ్మ, ఎడమచేతి బొటనవేలి ముద్ర.
సాక్షులు: తులసి, రాసిన మనిషి. అప్పన్న, ఫోనులో అంతా విని అవునన్నాడు.