నునుపు తెచ్చిన తంటా

ఆ వీధిలో ఎవరి వంటింట్లోకి తొంగిచూసినా నునుపక్క చేతి చెక్క ఒకటి కనబడుతుంది. కూరగాయలు తరుక్కునే చెక్క. ఆమె పట్టిన చిత్రిక మీద చీమ నడిచినా కాలు జారుతుందని వీధివాళ్లు ఆ పేరు పెట్టారు. భర్త వడ్రంగి. భుజం పట్టేసి ఆయన రంపం లాగలేని రోజు వచ్చినప్పుడు నునుపక్క ఏడుస్తూ కూర్చోలేదు. కొంగు బిగించి ఆయన షెడ్డులోకి నడిచింది. తలుపులూ మంచాలూ తన వల్ల కావని తెలుసు. చెక్కలైతే చేయగలననుకుంది, చేసింది.

బావగారికి మాత్రం ఇది మింగుడుపడలేదు. ఆయనా వడ్రంగే. "ఎన్నాళ్లమ్మా మరదలా ఈ సంబరం? ఆ షెడ్డు నాకిస్తే నా తలుపులన్నా పెట్టుకుంటాను" అని కనబడినప్పుడల్లా పాత పాట ఎత్తుకునేవాడు.

షెడ్డు నిలవాలంటే పెద్ద బేరం ఒకటి తగలాలి. తగిలింది. ఆడపిల్లల హాస్టల్ వంటమేస్త్రి తన వంటగది మొత్తానికీ ఆమె దగ్గరే చెక్కలు తీసుకున్నాడు. ఆ సంగతి వీధిలో తెలియనివాళ్లు లేకుండా చేసింది నునుపక్క.

వానలు మొదలయ్యాయో లేదో, మేస్త్రి చెక్క ఒకటి చంకలో పెట్టుకుని ఊడిపడ్డాడు. "చూడక్కా నీ పనితనం!" అంటూ తిరగేశాడు. అడుగంతా నల్లటి బూజు మచ్చలు, ముక్కిన వాసన.

"కడగట్లేదా ఏంటి?"

"నా ముఖం కూడా అన్నిసార్లు కడుక్కోను! తుడుస్తున్నాను, నూనె రాస్తున్నాను. అయినా ఇదే వరస. వార్డెనమ్మ ప్లాస్టిక్‌వి కొనమంటోంది. ఈ వానలు వెళ్లేలోపు ఏదో దారి చూపించు. లేదంటే అన్నీ వెనక్కే."

అన్నీ వెనక్కి వస్తే షెడ్డుకు తాళమే. "పచ్చి కర్ర వాడావేమోనే" అన్నాడు భర్త. "పచ్చిదో ఎండుదో తెలియకుండానే నీతో ఇన్నేళ్లు కాపురం చేశానా?" అని కస్సుమంది.

షెడ్డు విషయంలో బావగారిని కాస్త ఆగమని చెప్పించుకుందామని తోడికోడలి దగ్గరికి వెళ్లింది. ఆమె వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతోంది. టకటకమని ఒకటే మోత. అది కత్తి మోత కాదు, చెక్క ఊగుతున్న మోత. బావగారు స్వయంగా చేసిన చెక్క, నాలుగు మూలలూ నాలుగు దిక్కులు చూస్తున్నాయి.

"అక్కా, దీనికి బూజు పట్టదా?"

"దీని అందం చూసి బూజే పారిపోయింది."

"నూనె రాస్తావా?"

"కూరలోకే అంతంతమాత్రం, చెక్కకెక్కడ రాసేదే!"

నునుపక్క ఉల్లిపాయలు పక్కకు తోసి చెక్కను తిరగేసింది. గోటితో గీకింది, వాసన చూసింది. "ముద్దు కూడా పెట్టుకో" అంది తోడికోడలు. అడుగు పొడిగా, శుభ్రంగా ఉంది. చెక్కను మళ్లీ గట్టు మీద పెట్టి, తల వంచి చూసింది. చెక్క కిందినుంచి అవతలి గోడ కనబడింది!

వచ్చిన పని మరిచిపోయి ఇంటికి పరుగెత్తింది. తన చెక్క ఒకటి తడిపి రాతిగట్టు మీద పెట్టింది. మర్నాడు పొద్దున ఎత్తబోతే రాలేదు. గోళ్లు దూర్చి లాగితే చప్పుమని లేచింది. పైన ఎప్పుడో ఆరిపోయింది, అడుగున మాత్రం నిన్నటి తడి నిన్నటిలాగే ఉంది. అంత సమంగా చిత్రిక పడితే గాలి దూరేదెక్కడ?

"నా పనితనమే నా కొంప ముంచింది!" అని పకపకా నవ్వింది.

"అయితే కాస్త వంకరగా చెయ్యి" అన్నాడు భర్త.

"మీ అన్నగారిలాగానా? నా చేతికి రాదు."

చెక్కల అడుగున కాళ్లు బిగిద్దామనుకుంది. కానీ మేస్త్రి ఒకవైపు ఉల్లిపాయలు, రెండోవైపు పండ్లు కోస్తాడు. కాళ్లు పెడితే ఒకవైపు దండగ. అందుకని చెక్కల జోలికి పోకుండా వాటికో స్టాండు చేసింది. భర్త కుర్చీలో కూర్చుని కొలతలు చెబుతుంటే, కర్రపట్టెల్లో వరసగా గాడులు తొలిచింది. చెక్కలు అందులో పుస్తకాల్లా నిలబడతాయి, చెక్కకీ చెక్కకీ మధ్య వేలు దూరేంత సందు. మచ్చలు పడ్డవాటిని హాస్టల్ నుంచి తెప్పించి, ఉప్పూ నిమ్మచెక్కతో తోమి కడిగింది. బాగా ఆరాక, పోని మచ్చల్ని చిత్రికతో లేపేసింది. అన్నీ మోసుకుని హాస్టల్‌కు వెళ్లింది.

"ఇదేంటక్కా, చెక్కలకు మంచమా?"

"మంచం పట్టించింది నువ్వే! ఇక పడుకోబెట్టావంటే ఊరుకోను. కడిగి, రెండు వైపులా తుడిచి, కిటికీ దగ్గర నిలబెట్టు. తడి మీద నూనె రాయకు, ఎండాకే రాయి."

ఆ ఏడు వానలు పగబట్టినట్టు కురిశాయి. గోడలు చెమ్మగిల్లాయి, చెప్పులకు కూడా బూజు వచ్చింది. హాస్టల్ నుంచి కబురే లేదు. ఎండ పొడచూపిన రోజు, షెడ్డు ఇక ఖాళీ అయినట్టేనని బావగారు బండి నిండా తలుపులు వేసుకుని షెడ్డు ముందు దిగాడు. ఆ వెనకే మేస్త్రి, చంకలో చెక్కతో. నునుపక్క చేతిలోని చిత్రిక పక్కన పెట్టి గుమ్మంలోకి వచ్చింది.

మేస్త్రి చెక్క తిరగేశాడు. అడుగు కొత్తదానిలా మెరుస్తోంది. "ఒక్కదానికీ మచ్చ లేదక్కా! వార్డెనమ్మ ఒక్కొక్కటీ వాసన చూసి మరీ ఒప్పుకుంది. అబ్బాయిల హాస్టల్‌కు కూడా కావాలట. స్టాండ్లతో సహా!"

"ఇందులో వింతేముంది? నా చెక్కకు మొదటినుంచీ బూజు లేదుగా" అని బావగారు మీసం సవరించుకున్నాడు.

"మీది మామూలు పనితనమా బావగారూ! గాలి కూడా మెచ్చుకుని కిందికి దూరిపోయింది."

భర్త నవ్వాపుకోలేక భుజం పట్టుకున్నాడు. చివరికి బావగారికీ నవ్వొచ్చింది. "సరేగానీ, ఈ తలుపులెక్కడ దింపమంటావు?"

"మీ ఇంట్లోనే. ఇక్కడ నా చెక్కలు నిలబడటానికే చోటు చాలదు."

బండి వెనక్కి తిరిగేలోపే షెడ్డులో చిత్రిక చప్పుడు మొదలైంది.