కుడివైపు రెండో పడవ

పళ్ళ డాక్టరుగారి ఆసుపత్రి కింద, మెట్లు దిగి వెళ్తే వచ్చే గదిలో, ఇరవై తొమ్మిదేళ్ళుగా అతను కట్టుడు పళ్ళు చేస్తున్నాడు. పైన డాక్టరు నోటి అచ్చు తీసి పంపితే, కింద ఇతను అందులో ప్లాస్టరు పోసి, మైనంతో చిగుళ్ళు కట్టి, పళ్ళు పేర్చి, అరగదీసి, మెరుగు పెట్టి పైకి పంపుతాడు. ఊళ్ళో సగంమంది పెద్దవాళ్ళ నవ్వు ఇతని చేతి పనే. వాళ్ళలో ఒక్కరూ ఇతని ముఖం ఎరగరు. తోటి పనివాళ్ళు అతనికి పెట్టిన పేరు మిల్లీమీటరు. వెంట్రుకవాసి తేడా కనిపించినా సెట్టు పైకి పంపేవాడు కాదు, మళ్ళీ మొదటికొచ్చేవాడు. "ఒరేయ్ మిల్లీమీటరూ, ఆయన దాంతో నమలాలిరా, గోడకి తగిలించుకోడు!" అని పక్క బల్ల మేస్త్రీ నెత్తీ నోరూ కొట్టుకునేవాడు. "నమిలినా సరిగ్గానే నమలాలి కదా," అనేవాడు ఇతను. అంతకుమించి వాదించడం అతనికి చేతకాదు.

ఇంటికొస్తే ఓడలు కట్టేవాడు. యుద్ధనౌకలు. బొమ్మల దుకాణంలో పెట్టెలో ముక్కలు పెట్టి అమ్ముతారే, జిగురు రాసి అంటిస్తే సాయంత్రానికల్లా ఓడయి కూర్చునేవి, అవి కావు. వాటి మాటెత్తితే చేదు మందు మింగినట్టు ముఖం పెట్టేవాడు. అసలు ఓడ నక్షాలు ఎక్కడెక్కడినుంచో తెప్పించుకుని, రెండువందల వంతుకి కుదించి, ప్లాస్టిక్ రేకు కోసి, అడుగునుంచి జెండా కర్రదాకా అన్నీ సొంత చేతులతో చేసేవాడు. ఫిరంగి గొట్టాలకి ఇంజెక్షన్ సూదులు. అంచు కమ్మీలకి వంకర పళ్ళు సరిచేసే సన్న తీగ. పడవలు మాత్రం అచ్చం కట్టుడు పళ్ళలాగే అచ్చు తీసి, చిగుళ్ళకి వాడే ముద్దతోనే పోసేవాడు. అందుకని రంగు పడేదాకా అతని ఓడల మీది పడవలన్నీ లేత గులాబీ రంగులో ఉండేవి.

"మీ ఓడకి ఇంకా పళ్ళు రాలేదేంటండీ, చిగుళ్ళే కనిపిస్తున్నాయి?" అనేది భార్య.

ఆవిడ సరదా మనిషే. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు, దానికో బాల్కనీ. ఆ బాల్కనీకి అద్దాలు బిగించి ఆయన తన ఓడల కార్ఖానా చేసేస్తే, ఉతికిన బట్టలు ఆరేసుకోవడానికి ఐదో అంతస్తు మీది డాబాదాకా ఎక్కి దిగుతూ కూడా ఆవిడ ఏమీ అనలేదు. అంటే, అనలేదని కాదు. రోజూ అనేది. అనడం వేరు, ఆపడం వేరు.

పదకొండు ఓడలు అయ్యాయి. పన్నెండోది మామగారి ఓడ.

మామగారు వయసులో ఉన్నప్పుడు తొమ్మిదేళ్ళు ఒక యుద్ధనౌక మీద పనిచేశాడు. డెక్కు మీద తాళ్ళ పని, పడవలు నీళ్ళలోకి దించి ఎక్కించే పని. ఇప్పుడు డెబ్భై ఆరేళ్ళు. రెండు వీధుల అవతల ఒక్కడే ఉంటాడు. ప్రతి ఆదివారం పదింటికి చేతికర్ర టకటకలాడించుకుంటూ వచ్చి, టీ తాగి, పేపరు చదివి వెళ్ళిపోతాడు. కూతుర్ని ఇచ్చి ఇరవై ఆరేళ్ళయినా అల్లుడితో ఆయన మాట్లాడిన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పైగా కుర్చీ లాక్కుని ఎప్పుడూ బాల్కనీకి వీపు పెట్టి కూర్చునేవాడు. పదకొండు ఓడల్లో ఒక్కదాన్నయినా తల తిప్పి చూస్తే ఒట్టు. పెళ్ళయిన కొత్తలో అల్లుడు ఉత్సాహం పట్టలేక, "ఓడ మీద ఎలా ఉండేది మామయ్యగారూ?" అని అడిగాడు. "తడిగా ఉండేది," అని ఆయన పేపరు తిరగేశాడు.

పళ్ళు అతికేవాడికి ఓడల గురించి ఏం తెలుసులే అనుకుంటున్నాడు, అని అల్లుడికి లోపల ముల్లులా ఉండిపోయింది. ఓడ ఎక్కి బతికిన మనిషి అతనికి తెలిసినవాళ్ళలో ఆయనొక్కడే. ఆయన ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, "ఇదే మా ఓడ" అనాలి. మూడేళ్ళ కష్టమంతా ఆ మూడు ముక్కల కోసం.

ఈ పనిలో దిగినవాళ్ళకి ఒక పట్టింపు ఉంటుంది. ఓడ ఎప్పుడూ ఒక్కలా ఉండదు. ఈ ఏడు ఉన్న దీపం పై ఏటికి ఉండదు, రంగు మారుతుంది, ఫిరంగి పీకి ఇంకోటి పెడతారు. అందుకని కట్టేవాడు ముందే ఒక తేదీ అనుకోవాలి. ఆ రోజు ఓడ ఎలా ఉందో అలాగే కట్టాలి, ఆ తేదీ ఇత్తడి రేకు మీద చెక్కి కింద బిగించాలి. మిల్లీమీటరు తేదీని నిర్ణయించింది ఒక ఫోటో చూసి. పాత ఫోటోలు దాచుకునే ఆసామి ఎవరో పంపాడు. రేవులో నిలబడిన ఓడ, కుడివైపునుంచి, బోల్టులు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా. వెనక తేదీ ముద్ర కూడా ఉంది. భూతద్దం పెట్టి అంగుళం అంగుళం చూస్తూ పోతే ఒకచోట అతని కళ్ళు మెరిశాయి. నక్షాలో కుడివైపు రెండు పడవలున్నాయి. ఫోటోలో ఒక్కటే ఉంది. రెండో పడవని వేలాడదీసే వంకర కమ్ములు రెండూ ఖాళీ.

ఇంకెవరైనా అయితే నక్షా చూసి గుడ్డిగా రెండూ పెట్టేసేవాళ్ళు. తను పట్టేశాడు! ఆ పూటంతా అతని కాళ్ళు నేల మీద ఆనలేదు. పడవ ఎందుకు లేదన్న ప్రశ్న మాత్రం అతనికి తోచలేదు. లేదు, అంతే. కొలతకి కారణంతో పనేముంది?

"నాన్నని ఒక మాట అడగకూడదా, ఆయన ఉన్న ఓడే కదా?" అంది భార్య.

"అడిగితే ఇంక ఆశ్చర్యపోవడానికి ఏం మిగుల్తుంది?"

ముక్కూ మొహం తెలియనివాళ్ళకి ఉత్తరాలు రాసి అడిగాడు గానీ, రెండు వీధుల అవతలున్న మనిషిని అడగలేదు. చాదస్తం అంటే ఇలాగే ఉంటుంది.

ఓడ పూర్తయిన ఆదివారం, మామగారు టీ కప్పు అందుకోబోతుంటే, అల్లుడు ఓడని రెండు చేతులా మోసుకొచ్చి బల్ల మీద పెట్టి గుడ్డ తీశాడు. ఆయన కప్పు మాట మరిచిపోయాడు. కళ్ళజోడు సర్దుకుని లేచి, ముక్కు ఆనేంత దగ్గరికి వంగాడు.

"ఇది వంటగది పొగగొట్టం," అన్నాడు నెమ్మదిగా. "చలికాలం దీని పక్కనే పడుకునేవాళ్ళం. ఈ నిచ్చెనకి మూడో మెట్టు... అరె, అది కూడా వంకరగానే పెట్టారే!"

భార్య నోరు తెరిచి తండ్రినే చూస్తోంది. ఇన్ని మాటలు ఒక్కసారిగా ఆయన నోట ఆవిడే వినలేదు. ఇంకొక్క నిమిషం, అనుకున్నాడు అల్లుడు. ఆయన బల్ల చుట్టూ తిరిగి కుడివైపుకి వచ్చాడు. ఆగిపోయాడు.

"ఇది ఏ రోజు?"

అల్లుడు తేదీ చెప్పాడు. చెప్పి ఊరుకున్నా బాగుండేది. "చూశారా మామయ్యగారూ, నక్షాలో ఇక్కడ పడవ ఉంది. ఆ రోజు తీసిన ఫోటోలో మాత్రం లేదు. ఎవరూ గమనించరు, నేను పట్టుకున్నాను!" అని ఆ ఖాళీ కమ్ముల్ని వేలితో చూపించాడు.

ఆయన చేతికర్ర తీసుకుని వెళ్ళిపోయాడు. టీ అలాగే ఉండిపోయింది.

ఆ తర్వాత మూడు ఆదివారాలు రాలేదు. కూతురు వెళ్తే, ఒంట్లో బాగాలేదంటాడు. తలుపు సగమే తీస్తాడు. "ఏం చేశారండీ మా నాన్నని?" అని ఆవిడ మొగుడి మీద పడింది. ఈసారి సరదాగా కాదు. "మీ సూదులూ మీరూ! ఆయన ముఖం చూశారా అసలు, ఓడనే చూస్తూ కూర్చున్నారా?" నిజమే, అతను చూడలేదు. నాలుగో ఆదివారం తనే రెండు వీధులు దాటి వెళ్ళి తలుపు కొట్టాడు.

మామగారి గదిలో ఒక మంచం, ఒక కుర్చీ. కుర్చీ అల్లుడికి వదిలి ఆయన మంచం మీద కూర్చున్నాడు.

"మీ ఫోటోకి మూడు రోజుల ముందు," అన్నాడు. "ఎవరిదో చేపల పడవ, ఇంజను ఆగిపోయి కొట్టుకుపోతోంది. తెచ్చేందుకు మా రెండో పడవని దించమన్నారు. అందులో ఆరుగురు. ముందు తాడు నా చేతిలో, వెనక తాడు ఇంకొకడి చేతిలో. ఇద్దరం ఒక్కసారే వదలాలి. వదలమని అరిచారు. నేను వదిలాను. వెనక తాడు చిక్కుకుపోయింది. పడవ తలకిందులుగా వేలాడింది. ఇద్దర్ని పైకి తీశాం."

అల్లుడు మిగతా లెక్క అడగలేదు.

"నా తప్పేం లేదని కాగితం రాసిచ్చారు. ఇప్పటికీ ఉంది, పెట్టెలో. కొత్త పడవ వచ్చేదాకా రెండు నెలలు ఆ ఖాళీ కమ్ముల కిందే నా డ్యూటీ. తల ఎత్తితే అవే. నలభై మూడేళ్ళయింది, ఇప్పటికీ అవే. మీరు వాటిని ముచ్చటగా చేసి, కింద తేదీ కూడా చెక్కి తెచ్చారు."

సిగ్గుతో అల్లుడు చచ్చిపోయాడు. కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. "పడవ చేసి పెడతాను," అన్నాడు.

"ఫోటోలో లేదుగా."

"తేదీ మారుస్తాను. నాలుగు రోజులు వెనక్కి. ముందురోజుకి."

ఆయన అల్లుడి ముఖంలోకి అప్పుడు సరిగ్గా చూశాడు.

పడవ ఒక్కటి పెట్టేసి రేకు మారిస్తే ఎవరికైనా సరిపోయేది. మిల్లీమీటరుకి ఎలా సరిపోతుంది? ప్రమాదానికి ముందురోజు ఓడ సముద్రంలో ఉంది, రేవులో కాదు. రేవు మెట్లు ఊడబీకాడు, ఎండకి కట్టిన గుడ్డ పందిరి పీకేశాడు, లంగరు గొలుసు మళ్ళీ చుట్టాడు. ఆ రోజుకి ఫోటో లేదు. నక్షా చెప్పదు. అడగడానికి భూమ్మీద ఉన్నది ఒక్క మనిషే.

కాబట్టి ఆదివారాలు మళ్ళీ మొదలయ్యాయి. ఈసారి మామగారి కుర్చీ బాల్కనీలోనే, ఓడకి ఎదురుగా. "ఇక్కడ బట్టలారేసే తాడు. అధికారులు కిందికి పోగానే కట్టేవాళ్ళం." "ఈ బకెట్టు ఎర్రది. ఆ ఆరుగురిలో ఒకడు, పొట్టోడు, దాని మీద ఎక్కి నిలబడితేగాని దూరం కనిపించేది కాదు వాడికి." అల్లుడు అన్నీ కాగితం మీద రాసుకునేవాడు. బియ్యపుగింజలో నాలుగోవంతంత బకెట్టు చేసి ఎర్రరంగు పెట్టాడు. భార్య టీ తెచ్చి ఇద్దరి వెనకా నిలబడేది, డాబా ఎక్కాల్సిన బట్టలు బకెట్లో అలాగే ఉండిపోయేవి.

పడవ చివర పెట్టారు. వెనక తాడు అల్లుడు కట్టాడు, కంటికి ఆనీ ఆనని తీగతో. ముందు తాడు కట్టబోతుంటే మామగారు చెయ్యి అడ్డం పెట్టాడు.

"అది నాకివ్వండి."

ఆయన వేళ్ళు వణుకుతాయి. ఆ తీగ ఆయనకి కనిపించనే కనిపించదు. కూతురు గుండీలు కుట్టే దారం తెచ్చిచ్చింది. గంటకి పైగా పట్టింది. అల్లుడు పటకారు పట్టుకుని పడవని కదలకుండా ఆపాడు. మూడుసార్లు జారింది, నాలుగోసారి ముడి పడింది. దాని మీద ఇంకో ముడి వేశాడు ఆయన.

"గట్టిగానే కట్టా," అన్నాడు.

ఓడలు కట్టేవాళ్ళంతా ఏటా ఒక బడి హాల్లో ప్రదర్శన పెట్టుకుంటారు. ఆ ఏడు మిల్లీమీటరు మామగారిని కూడా వెంటబెట్టుకు వెళ్ళాడు. మార్కులు వేసే ఆయన భూతద్దంతో ఓడంతా చూసి, తల ఊపి, కుడివైపు రెండో పడవ దగ్గర ఆగాడు.

"అంతా అద్భుతంగా ఉందండీ. కానీ ఈ ముందు తాడేమిటి? ఈ లెక్కన అసలు ఓడ మీద ఇది జబ్బంత లావుండాలి. మీరింత పొరపాటు చేశారంటే నమ్మలేకపోతున్నాను."

"తెలుసండీ," అన్నాడు మిల్లీమీటరు. "అది అంతే."

మామగారు చేతికర్ర మీద ఆనుకుని ఒక అడుగు ముందుకొచ్చాడు.

"ఇది మా ఓడ బాబూ," అన్నాడు. "కట్టింది మా అల్లుడు. ఆ తాడు మాత్రం నేను కట్టా."

మార్కులు వేసే ఆయన మర్యాదగా నవ్వి, తగ్గించే రాసుకున్నాడు. మిల్లీమీటరు ఆ కాగితం వైపు చూడనే లేదు.