మేస్త్రీ మనసు పడ్డ దూలం

మీరా మొహిద్దీన్ మేస్త్రీ ఏ ఇంటికి వెళ్లినా ముందు మనుషుల్ని పలకరించేవాడు కాదు, కర్రల్ని పలకరించేవాడు. వేలి కణుపుతో గుంజ మీద టకటకా కొట్టి, చెవి ఆనించి, కళ్లు మూసుకుని వినేవాడు. పెళ్లికి పిలిస్తే పెళ్లికూతురి తండ్రికంటే ముందు పందిరి రాటకే ఆయన పలకరింపు అందేది.

ఆయన ఊరు ముత్తుకూరు. నేను అది వదిలి ఆరేళ్లయింది. నెల్లూరులో కాంక్రీటు కప్పు కింద మధ్యాహ్నాలు ఉడికిపోతుంటే, తాటాకు నీడ కోసం ఒళ్లూ, ఆ టకటకల కోసం చెవులూ ఇప్పటికీ లాగుతుంటాయి.

అప్పుడు నేను ముత్తుకూరు హైస్కూల్లో సైన్సు అయ్యవారిని. మా పాపకి ఆరో నెల. పిల్ల నెత్తిమీద కప్పు గట్టిగా ఉందా లేదా అన్నదే నాకు పొద్దస్తమానం దిగులు. అద్దె పూరిల్లు వదిలి డాబా కట్టుకోవాలని సిమెంటు పర్మిట్‌కి అర్జీ కూడా పెట్టాను.

"సిమెంటా?" అన్నాడు మేస్త్రీ, ఎవరో పోయారని విన్నట్టు. "తాడిచెట్లు ఇన్ని ఉండాయి, సున్నం ఉండాది, మన్నుండాది. అదేం పని అయ్యవారూ?"

"గట్టిదని."

"గట్టిదే. కానీ మూగది. కర్రని తట్టి అడిగితే బాగోగులు చెప్తాది. సిమెంటుని అడిగి చూడండి, మూతి బిగించుకోని కూర్చుంటాది."

ఊరంతా ఆయన్ని పిచ్చి సాయిబు అనేది. ఎవరింట్లోనైనా పాత కర్ర నచ్చిందా, ఇక వదిలేవాడు కాదు. "అబ్బ, ఏం చేవ! ఇది నాకియ్యి, బదులు కొత్తది ఏస్తా" అని ప్రాణం తీసేవాడు. ఏడాదిపాటు ఉప్పుటేట్లో నానేసి ఆరబెట్టుకున్న తన తాటిదూలం వేసేసి, పాతది మురిపెంగా మోసుకుపోయేవాడు. క్రీస్తుదాసు ఇంటి గుంజ, హజరత్తయ్య ఇంటి వాసాలు అట్లాగే వెళ్లిపోయాయి.

"నష్టం కాదా?" అంటే, "రుచి తెలిసినోడికి నష్టమేంది?" అనేవాడు.

ఒక ఆదివారం మా వంతు వచ్చింది. ముక్కాలిపీట ఎక్కి, పాప తొట్టి వేలాడే దూలాన్ని కొట్టాడు. విన్నాడు. మళ్లీ కొట్టి, ఈసారి చాలాసేపు విన్నాడు.

"ఆహా! ఇట్టాంటి దూలం జిల్లాలోనే లేదు. నాకు కావాల."

"కుదరదు. పాప బరువు, తొట్టి బరువు, తాళ్ల బరువు కూడి, పదింతలు చేసి లెక్క కట్టిన దూలమిది."

"మీ లెక్కకో దండం. ఈ పూటే కావాల."

"రేపు చూద్దాం."

"రేపటికి నా మనసు మారిపోతాది."

నా భార్య చెంచులక్ష్మి కసిరింది. "ఏందన్నా, చంటిబిడ్డ ఉండే ఇంట్లో దూలం పీకతావా?"

ఆయన అప్పటికే పాపని తొట్టిలోంచి ఎత్తి ఆమె చేతికిచ్చాడు. "బిడ్డకి చెమట పోస్తాంది తల్లీ, బయట గాలికి తిప్పు."

సాయంత్రానికల్లా ఇద్దరు మనుషుల్ని పెట్టి పాతది దించి కొత్తది ఎక్కించాడు. ఇంత పిచ్చేమిటని మేం నవ్వుకున్నాం.

వారం తర్వాత పాపకి నడకబండి చేయించాలని వాళ్లింటికి వెళ్లాను. ఊళ్లో ఏరి తెచ్చిన అపురూపమైన కర్రలన్నీ పెరట్లో గుట్టగా పడున్నాయి. ఆయన భార్య మస్తాన్‌బీ మా దూలాన్ని పొయ్యిలోకి విరుస్తోంది, వట్టి చేత్తో, అప్పడంలా. నేను వేలు పెట్టాను. మొత్తం దిగిపోయింది. పైన గీతైనా లేదు, లోపలంతా చెద తిన్న పొడి. నా లెక్కలో దూలానికి లోపల కూడా కర్ర ఉందనే అనుకున్నాను మరి.

"ముందే చెప్పొచ్చుగా మేస్త్రీ గారూ?"

"చెప్తే ఈ జన్మలో మీరు నిద్దరపోతారా? చెద అంటే భయం, ఊరికే ఇస్తానంటే రోషం. మంచి కర్ర అంటేనే జనం బేరానికొస్తారు. ఎవరితో అనబాకండి."

సిమెంటు అర్జీ మాట నేను మళ్లీ ఎత్తలేదు. ఆయన మాత్రం గడ్డం గోక్కుంటూ ఒక సాయం అడిగాడు. ఉప్పమ్ముకునే ఆదిశేషమ్మ ఒంటరి ముసలామె. ఆమె గుడిసె మధ్య గుంజ గుల్లయిపోయింది, వానలు దగ్గరపడ్డాయి, ఎంత బతిమాలినా ఇవ్వనంటోంది.

"మీరు సైన్సు అయ్యవారు. మీరు జెప్తే నమ్ముతాది."

వెళ్లాం. నేను గుంజని తట్టి, చెవి పెట్టి, భూతద్దంతో చూసి, "అమ్మా, శాస్త్రరీత్యా ఇది చాలా అరుదైన కర్ర" అన్నాను గంభీరంగా.

ఆదిశేషమ్మ కళ్లు మెరిశాయి. "అట్టా చెప్పు నాయనా! ఈ సాయిబు ఊరికే తిరగతాడా? అంత అరుదైందయితే ఒక్క గుంజకి ఇయ్యను. నాలుగు వాసాలు గూడా ఎయ్యమను. తలుపు గూడా!"

"అంత గట్టిగా చెప్పమన్నానా అయ్యవారూ?" అని గొణిగాడు మేస్త్రీ.

వానలకు ముందే ఆమెకి గుంజ, వాసాలు, తలుపు అమిరాయి. నా బి.ఎస్సీ. అంత బాగా పనికొచ్చిన రోజు మళ్లీ రాలేదు. ఎదురుచూస్తూనే ఉన్నాను.